నాలుగు వరుసలు రావలసిన చోట ఐదు

ఆ వారం ఫిర్యాదులు వడపోసే వంతు నాది. మాది ఒక ఓపెన్ సోర్స్ డేటాబేస్ సర్వర్. వచ్చిన బగ్ రిపోర్టులన్నీ వారానికొకరం చదివి, ఏది ఎవరు చూడాలో తేలుస్తాం. సోమవారం ఉదయం నా ముందు రెండు ఉన్నాయి. ఒకటి భద్రతా విషయాల కోసం పెట్టిన ప్రత్యేక చిరునామాకు రహస్యంగా వచ్చింది. శీర్షికలో "అతి తీవ్రం" అన్న మాట, దాని వెనక మూడు ఆశ్చర్యార్థకాలు, జతగా ఒక వీడియో. రెండోది అందరికీ కనిపించే మామూలు బగ్ జాబితాలో మూడు వారాలుగా పడి ఉంది. "ప్లాన్ మళ్లీ వాడినప్పుడు ఒక వరుస ఎక్కువ వస్తోంది" అని శీర్షిక, అంతే. (సర్వర్‌ను అడిగే ప్రశ్న క్వెరీ; దానికి జవాబు ఎలా వెతకాలో సర్వర్ వేసుకునే పథకం ప్లాన్.) దాని కింద ఎవరో "నా దగ్గర రావడం లేదు" అని రాసి వెళ్లిపోయారు.

(టేబుల్‌లోని ఒక్కో నమోదును మా పనిలో రో అనేవాళ్లే ఎక్కువ. బహువచనంలో అది రోలు అయిపోతుంది కాబట్టి నేను వరుస అనే అంటాను.)

ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. అరుస్తున్నదాన్ని ముందు తెరిచాను.

డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్. అందులో రాసిన ఒక వాక్యంలో కుండలీకరణాలను వేల సంఖ్యలో ఒకదానిలో ఒకటి దూర్చి పంపితే, వాక్యాన్ని విడదీసే మా కోడ్ తనను తానే పిలుచుకుంటూ లోపలికి పోయి, ఆ పిలుపులను గుర్తుంచుకునే మెమరీ, అంటే స్టాక్ నిండిపోయి, ప్రాసెస్ కూలిపోతోంది. మా సర్వర్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్. అలా ఒకటి అర్ధాంతరంగా చస్తే, అందరూ పంచుకునే మెమరీలో అది ఏమి పాడు చేసి పోయిందో ఎవరికీ తెలియదు. అందుకని సర్వర్ మిగతా కనెక్షన్లన్నిటినీ తెంచేసి, లాగ్ చదువుకుని కోలుకుని మళ్లీ లేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ఇంకో ఓపెన్ సోర్స్ డేటాబేస్ కూడా ఇలాగే చేస్తుంది. ఫలితం ఏమిటంటే, ఒకరు పంపిన ఒక్క వాక్యంతో అందరి పనీ ఆగిపోతుంది. వీడియోలో ఉన్నది అదే. ఎడమ పక్క కిటికీలో ఎంటర్ నొక్కగానే కుడి పక్కన ఇంకొకరి లావాదేవీ మధ్యలో తెగిపోయింది. చూస్తే భయం వేసింది, దాచుకోవడం ఎందుకు.

రిపోర్టు చివరి వాక్యం: "దీనికి సీవీఈ సంఖ్య ఎప్పుడు ఇప్పిస్తారు?"

సీవీఈ అంటే బయటపడిన భద్రతా లోపాలకు ఒక్కొక్క సంఖ్య ఇచ్చే జాబితా. 1999 నుంచి నడుస్తోంది. ఒక బగ్‌కు ఆ సంఖ్య పడిందంటే దాని జాతకమే మారిపోతుంది. మామూలు బగ్ అయితే సవరణ తీరిగ్గా తదుపరి విడుదలలో చేరుతుంది. భద్రతా లోపం అన్నామంటే, మద్దతు ఉన్న పాత వెర్షన్లన్నిటికీ సవరణ వెనక్కి మోయాలి, విడుదల రోజు దాకా నోరు మెదపకూడదు, ఆ తర్వాత మా సర్వర్ వాడే ప్రతిచోటా ఎవరో ఒకరు సెలవు రోజు మానుకుని ప్యాచ్ వేయాలి. లోపం కానిదాన్ని లోపం అంటే వాళ్ల శ్రమ వృథా, పైగా మా తర్వాతి హెచ్చరికను వాళ్లు నమ్మరు. లోపమైనదాన్ని బగ్ అని వదిలేస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందుకే ఈ అవును, కాదుల దగ్గర మాకు అంత చర్చ.

మా విధానపత్రంలో ఈ సంగతి గురించి ఒక వాక్యం ఉంది: లాగిన్ అయినవాడు చెల్లుబాటయ్యే ఎస్‌క్యూఎల్‌తో సర్వర్‌ను పడగొట్టగలిగితే అది బగ్; భద్రతా లోపం కింద లెక్కించం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వాళ్లూ తమ భద్రతా పుటలో ఇదే అర్థం వచ్చేలా రాసుకున్నారు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ యజమాని ఒరాకిల్ దారి వేరు. మూడు నెలలకొకసారి వచ్చే వాళ్ల ప్యాచ్ ప్రకటనల్లో, లాగిన్ అయిన వాడుకరి మైఎస్‌క్యూఎల్ సర్వర్‌ను పడగొట్టగల లోపాలు బారులు తీరి ఉంటాయి, ప్రతిదానికీ సీవీఈ సంఖ్యతో సహా. వీరిద్దరిలో ఎవరూ అబద్ధం ఆడడం లేదు. తమ వాడుకరులకు ఎవరు ఏ మాట ఇచ్చారన్నదే తేడా.

నిజం చెప్పాలంటే, వీడియో చూసిన ఊపులో నేను అవుననే వైపే ఉన్నాను. నా సహోద్యోగిని మాత్రం తల అడ్డంగా ఊపింది. మా బృందంలో భద్రత సంగతులు ఆమె చూస్తుంది.

"ఈ బగ్ లేదనుకోండి. లాగిన్ అయినవాడు సర్వర్‌ను పడగొట్టలేడా?" అని అడిగింది.

"పడగొట్టగలడు. నాలుగు పెద్ద టేబుళ్లను షరతు లేకుండా కలిపేస్తే తాత్కాలిక ఫైళ్లతో డిస్కు నిండిపోతుంది. మెమరీనీ అలాగే మింగేయవచ్చు."

"మరి ఈ బగ్ వల్ల అతని చేతికి కొత్తగా వచ్చినదేమిటి?"

నా దగ్గర జవాబు లేకపోలేదు. డిస్కుకు పరిమితి పెట్టుకోవచ్చు, క్వెరీకి గడువు పెట్టుకోవచ్చు. ఈ కుండలీకరణాల దెబ్బకు మాత్రం ఆ పరిమితులేవీ అడ్డు రావు అన్నాను. అవి ఒకరి పని ఇంకొకరికి భారం కాకుండా చూసుకునే సర్దుబాట్లే తప్ప దురుద్దేశం ఉన్నవాడిని ఆపడానికి కట్టిన గోడలు కావని, అలా ఆపగలవని మనం ఎక్కడా రాయలేదని ఆమె జవాబు. రాయని మాట నిజమే. ఒకే సర్వర్‌ను పదిమంది అపరిచితులకు అద్దెకిచ్చేవాళ్లకు ఈ జవాబు రుచించదని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. అయితే అలాంటివాళ్ల కోసం విధానం మార్చాలంటే దాన్ని బాహాటంగా మార్చాలి. ఒక వీడియోకు జడిసి ఒక్క బగ్‌కు మినహాయింపు ఇవ్వడం పద్ధతి కాదు.

ఇంకో పాత తగాదా కూడా గుర్తొచ్చింది. 2019లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మీద సీవీఈ-2019-9193 అని ఒక సంఖ్య పడింది. కాపీ ఆదేశంతో ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ప్రోగ్రాములను నడిపించవచ్చన్నది ఆరోపణ. నడిపించవచ్చు, 2013లో వచ్చిన 9.3 వెర్షన్ నుంచీ ఆ సౌకర్యం ఉన్నదే అందుకు. దాన్ని వాడాలంటే సూపర్‌యూజర్ (డేటాబేస్ మీద సర్వాధికారం ఉన్నవాడు) అయినా అయి ఉండాలి, లేదా సూపర్‌యూజర్ ప్రత్యేకంగా ఆ అధికారం ఇచ్చి ఉండాలి. ఇది లోపం కాదని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వాళ్లు గట్టిగానే ప్రకటించారు. తాళంచెవి చేతిలో ఉన్నవాడు తలుపు తీసుకుని లోపలికి వెళితే దాన్ని దొంగతనం అనలేం కదా.

కాదు అనే ముందు ఒక పని మిగిలింది. కూలిపోవడం అన్నీ ఒకే రకంగా ఉండవు. స్టాక్ అంచున కాపలాగా ఉంచిన ఖాళీ పేజీని తాకి ప్రాసెస్ చస్తే నష్టం అక్కడితో ఆగుతుంది. చచ్చేలోపు పక్కవాడి మెమరీలో ఏదైనా రాసిందంటే కథ వేరు. రాసేది ఏమిటో, ఎక్కడో పంపినవాడు నిర్ణయించగలిగితే, ఈరోజు కూలిన చోటే రేపు సర్వర్ అతని చెప్పుచేతల్లోకి పోవచ్చు. చచ్చిన ప్రాసెస్ మిగిల్చిన కోర్ ఫైల్ తెరిచి చూశాను. పడిపోయిన చిరునామా, స్టాక్ పాయింటర్ దాదాపు ఒకే చోట ఉన్నాయి. పైన అదే ఫంక్షన్ పేరు తెర మీద తెర నింపుకుంటూ వెళ్లింది. మెమరీ తప్పులను పట్టే శానిటైజర్‌తో సర్వర్‌ను మళ్లీ కట్టి, కుండలీకరణాల లోతును మార్చి మార్చి రాత్రంతా నడిపించాను. తెల్లవారాక లాగ్ చూస్తే హద్దు దాటి రాసిన జాడ ఎక్కడా లేదు. స్టాక్ నిండిందనే మాటే ప్రతిసారీ.

బుధవారం రిపోర్టు పంపినాయనకు జవాబు రాశాం: బగ్ నిజమే, సవరిస్తున్నాం, మీ పేరు విడుదల పత్రంలో రాస్తాం, సీవీఈ మాత్రం కోరం, కారణాలివీ. ఆయనకు నచ్చలేదు. మర్యాదగానే రాశారు కాని నచ్చలేదని తెలుస్తూనే ఉంది.

రెండో రిపోర్టును గురువారం సాయంత్రం తెరిచాను, వంతు ముగిసేలోపు జాబితా ఖాళీ చేయాలన్న మొండితనంతో. తప్పుడు ఫలితం అన్నప్పుడు ఎక్కువసార్లు తప్పు క్వెరీలోనే ఉంటుంది. ఇదీ అలాంటిదే అనుకున్నాను. రాసినవారు చాలా ఓపికగా రాశారు. వాళ్ల అప్లికేషన్ సర్వర్‌కు ఒకే లాగిన్‌తో కలుస్తుంది, వాడుకరిని బట్టి రోల్, అంటే ఎవరి అధికారాలతో పనిచేయాలన్నది, మారుస్తుంది. ఒక్కో రోల్‌కు ఏ వరుసలు కనిపించాలో వరుస స్థాయి పాలసీలతో కట్టారు. ఒక నివేదికలో మొత్తం ఎప్పుడైనా ఒకసారి తేడా వస్తోంది. వెతికితే ఒక వరుస ఎక్కువ లెక్కపడుతోంది. ఆయన బాధంతా మొత్తం తప్పిందనే. ఆ వరుస ఎవరిది అన్న ప్రశ్న రిపోర్టులో ఎక్కడా లేదు.

నేను ఒక చిన్న టేబుల్ చేసుకున్నాను. ఐదు వరుసలు. పర్యవేక్షకుడి రోల్‌కు ఐదూ కనిపించాలి, గుమాస్తా రోల్‌కు నాలుగే. ఐదో వరుసలో వివరం అన్న గడిలో "కనిపించకూడదు" అని టైపు చేశాను. గుమాస్తాగా మారి నడిపితే నాలుగే వచ్చాయి. పర్యవేక్షకుడిగా నడిపితే ఐదు. మళ్లీ గుమాస్తాగా నడిపినా నాలుగే. జాబితాలో ఎవరో అన్నట్టు నా దగ్గరా రావడం లేదు. రిపోర్టు ఇంకోసారి చదివాను. అప్పుడు కళ్లు రెండు మాటల మీద నిలిచాయి. ముందే సిద్ధం చేసి ఉంచిన క్వెరీ. అందులో టేబుల్ నేరుగా లేదు, పైన విత్ అని పేరు పెట్టిన లోపలి క్వెరీలో ఉంది. అలాగే రాశాను. కొత్త కనెక్షన్, మొదట పర్యవేక్షకుడు, తర్వాత రోల్ మార్పు, గుమాస్తా.

నాలుగు వరుసలు, వాటి కింద ఐదోది. "కనిపించకూడదు."

నేను రాసిన మాటే నన్ను వెక్కిరించినట్టు అనిపించింది. కారణం పట్టుకోవడం ఆ తర్వాత పెద్ద పని కాలేదు. క్వెరీకి ప్లాన్ వేసేటప్పుడే ఆ రోల్‌కు వర్తించే పాలసీలు అందులో కలిసిపోతాయి. రోల్ మారితే పాత ప్లాన్ చెల్లదని గుర్తు పెట్టాలి. టేబుల్ పైమెట్టులో ఉంటే మా కోడ్ ఆ గుర్తు పెడుతోంది. లోపలి క్వెరీలో ఉంటే మరిచిపోతోంది. పర్యవేక్షకుడి కోసం వేసిన ప్లాన్ గుమాస్తా చేతికి అలాగే వెళ్లింది. వరుసలోని వివరాలను మార్చే ఆదేశంతోనూ ప్రయత్నించాను. గుమాస్తా ఆ ఐదో వరుసను చూడడమే కాదు, మార్చనూ గలిగాడు.

శుక్రవారం చర్చలో నాకిక అనుమానం లేదు. మా బృందంలో అందరికన్నా అనుభవజ్ఞుడైన పెద్దాయన ఒకరున్నారు, ఆ ప్లాన్ల కోడ్ చాలావరకు ఆయన చేతిదే. ఆయన వేసిన ప్రశ్నకు మాత్రం నేను కాసేపు బిగుసుకుపోయాను.

"బుధవారం మీరు వాడిన కొలబద్దే ఇక్కడా పెట్టండి. ఆ కనెక్షన్ గుమాస్తాగా మారిందంటే దానికి రోల్ మార్చే అధికారం ఉందన్నమాట. మళ్లీ పర్యవేక్షకుడిగా మారి ఐదు వరుసలూ నేరుగానే చూసుకోవచ్చు. మరి ఈ బగ్‌తో అతనికి కొత్తగా దక్కినదేమిటి?"

ఆయన అన్నది నిజం. కుండలీకరణాల బగ్‌ను ఏ ప్రశ్నతో తోసిపుచ్చామో అదే ప్రశ్న దీన్నీ తోసిపుచ్చేలా ఉంది. ఇక్కడ ఒప్పుకోకపోతే ఆ రిపోర్టు పంపినాయన ముందు మేము పక్షపాతులం అవుతాం.

జవాబు "అతనికి" అన్న మాటలోనే ఉందని తట్టడానికి కొంత సేపు పట్టింది. అతను అంటే ఎవరు? కనెక్షన్ పట్టుకుని ఎస్‌క్యూఎల్ తానే రాసేవాడా, అప్లికేషన్ తెర ముందు కూర్చున్న గుమాస్తానా? మొదటివాడికి కొత్తగా ఏమీ దక్కలేదు, పెద్దాయన మాట అక్షరాలా సరి. గుమాస్తాకు మాత్రం రోల్ మార్చే ఆదేశం టైపు చేసే చోటే లేదు. అతనికి ఉన్నది ఒక బొత్తాం, ఒక నివేదిక. రోల్ మార్చేది అప్లికేషన్. అతనికీ ఐదో వరుసకూ మధ్య ఉన్నది మేము కట్టిన గోడ ఒక్కటే. పాలసీ అనుమతించని వరుస కనిపించదని మా పత్రాల్లో రాసి మరీ కట్టాం. పిలిచినవాడి అధికారంతో కాకుండా తమ యజమాని అధికారంతో నడిచే ఫంక్షన్ల విషయంలోనూ ఇంతే. వాటిని పిలిచేవాడికి యజమాని రోల్‌లోకి మారే అధికారం ఉండదు. ఇదే "ఎవరు" అన్న ప్రశ్నను కుండలీకరణాల దగ్గరికి తీసుకెళ్లి చూశాం. గుమాస్తా ఎస్‌క్యూఎల్ రాయలేడు కనుక సర్వర్‌ను కూల్చనూ లేడు. బుధవారం నాటి నిర్ణయం నిలబడింది.

అప్లికేషన్ల లోపలే ఇమిడిపోయే డేటాబేస్ ఎస్‌క్యూలైట్ సంగతి ఇక్కడ చెప్పాలి. తమ మీద పడే సీవీఈల్లో చాలావాటికి, దాడి చేసేవాడు ముందే తనకు నచ్చిన ఎస్‌క్యూఎల్ నడిపించగలిగి ఉండాలని, అలాంటప్పుడు అసలు లోపం ఆ అప్లికేషన్‌లోనే ఉన్నట్టని దాన్ని రాసినవాళ్లు అంటారు. మామూలుగా అది న్యాయమైన మాటే. కాని 2018లో బయటపడ్డ మెజెల్లాన్ లోపాలు క్రోమ్ బ్రౌజర్‌కు తగిలాయి. అప్పట్లో క్రోమ్‌లో వెబ్ ఎస్‌క్యూఎల్ అనే సౌకర్యం ఉండేది. ఊరూ పేరూ తెలియని ఏ వెబ్ పుట అయినా దాని ద్వారా ఎస్‌క్యూలైట్‌కు ఎస్‌క్యూఎల్ పంపవచ్చు. కోడ్ అదే, తప్పు అదే. పంపేవాడు మారాడు.

పెద్దాయన వెంటనే ఒప్పుకోలేదు. దాడి చేసేవాడు కోరుకున్నప్పుడు జరిగేది కాదు, ఒకే కనెక్షన్‌లో ఇద్దరి వంతులు ఫలానా క్రమంలో రావాలి, అదృష్టం కలిసిరావాలి అన్నారు. అప్పుడు నేను 2012 నాటి మైఎస్‌క్యూఎల్, దాని నుంచి చీలిన మరియాడీబీల బగ్ గుర్తుచేశాను, సీవీఈ-2012-2122. సంకేతపదాన్ని పోల్చే ఫంక్షన్ ఇచ్చే సంఖ్యను ఒక చిన్న గడిలో కుదించి పెట్టారు. కొన్ని యంత్రాల మీద ఆ ఫంక్షన్ పెద్ద సంఖ్యలు ఇస్తుంది, కుదించినప్పుడు కొన్ని సున్నా అయిపోతాయి, సున్నా అంటే సరిపోయిందని లెక్క. అలా తప్పుడు సంకేతపదం కూడా 256 సార్లలో ఒకసారి చెల్లిపోయేది. అదృష్టం మీదే ఆధారం. కొన్ని వందల సార్లు ప్రయత్నిస్తే ఆ అదృష్టం దానంతట అదే వస్తుంది. అదృష్టం అవసరమైతే తీవ్రత తగ్గుతుందే కాని లోపం లోపం కాకుండా పోదు.

చివరికి ఆయన్ను కదిలించినది నా వాదన కాదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 2024 నవంబరు విడుదలలోని ఒక సంఖ్య, సీవీఈ-2024-10976. రోల్ మార్పుకూ వరుస పాలసీలకూ పొసగని తప్పును వాళ్లు 2016లో ఒకసారి, 2023లో ఇంకోసారి సవరించారు. రెండుసార్లూ లోపలి క్వెరీలు, విత్ క్వెరీలు తప్పించుకున్నాయి. మూడోసారి పట్టుబడ్డాయి. మూడుసార్లూ సీవీఈ ఇచ్చారు. మా కోడ్ వేరు, తప్పు మాత్రం అచ్చు అదే. పెద్దాయన ఆ ప్రకటన రెండుసార్లు చదివి, "ఇది రాసిన రోజు నాకు విత్ క్వెరీలు తట్టలేదు" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. సవరణ ఆయనే రాశారు, రెండు వాక్యాలు.

తర్వాతిది ఇరకాటం. లోపం అని మేము తేల్చిన రోజుకు ఆ రిపోర్టు బహిరంగంగా ఉండి నెల కావస్తోంది. తొలగిస్తే తొలగించారేమని అందరూ చూస్తారు. ఉంచితే చదివే కన్ను ఉన్నవాడికి అదే దారి చూపిస్తుంది. తొలగించలేదు. అక్కడ "పరిశీలిస్తున్నాం" అని ఒక్క మాట రాసి, అసలు సంగతి రిపోర్టు రాసినాయనకు విడిగా చెప్పాం. "నేను కూడిక తప్పిందనుకున్నాను" అని జవాబు వచ్చింది. విడుదల రోజు దాకా సవరణను బహిరంగ కోడ్‌లో పెట్టలేదు, ఎందుకంటే రెండు వాక్యాల సవరణ చూసి లోపాన్ని వెనక్కి అల్లుకోవడం తెలిసినవాడికి గంట పని.

తీవ్రత లెక్క వేసేటప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోపాల తీవ్రతను సున్నా నుంచి పది దాకా కొలిచే సీవీఎస్ఎస్ 3.1 సూత్రంలో మా వరుసల లోపాన్ని వేశాం. నెట్‌వర్క్ మీదుగా, క్లిష్టత ఎక్కువ, తక్కువ అధికారం చాలు, గోప్యతకు కొంత నష్టం, సమగ్రతకు కొంత నష్టం: 4.2. కుతూహలం ఆపుకోలేక కుండలీకరణాల బగ్‌నూ అదే సూత్రంలో వేశాను. నెట్‌వర్క్ మీదుగా, క్లిష్టత తక్కువ, తక్కువ అధికారం చాలు, లభ్యత పూర్తిగా పోతుంది: 6.5. మేము లోపం కాదన్నది పైన, లోపం అన్నది కింద. సూత్రంలో తప్పేమీ లేదు. లోపం అని ఒప్పుకున్నాక అది ఎంతదో కొలవడానికి చేసిన కొలత అది. ఒప్పుకోవాలా వద్దా అన్నది దాన్ని అడగకూడదు.

మాకు సీవీఈ సంఖ్యలు ఇచ్చుకునే అధికారం లేదు, అడిగి తెచ్చుకుంటాం. కుండలీకరణాల రిపోర్టు రాసినాయన కూడా తనంతట తానే అడిగి ఒకటి తెచ్చుకున్నారు. ఆయన హక్కు అది. మేము అభ్యంతరం రాసి పంపితే, ఆ సంఖ్య పక్కన వివాదాస్పదం అన్న ముద్ర పడింది. ఆ బగ్‌కు సవరణ, లోతుకు ఒక హద్దు పెట్టి, తర్వాతి మామూలు విడుదలలో వెళ్లాలని అప్పటికే నిర్ణయమైపోయింది.

వరుసల సవరణ విడుదలైన మూడో రోజు ఒక నిర్వాహకుడి నుంచి ఉత్తరం వచ్చింది. తెలిసిన లోపాల కోసం వెతికే వాళ్ల స్కానర్ మా సర్వర్ మీద రెండు వరుసలు చూపిస్తోందట, అంకెల ప్రకారం పేర్చి. "పైన 6.5 ఉన్నదానికి ప్యాచ్ ఇంకా ఇవ్వలేదేమిటండీ? కిందిది 4.2 మాత్రమే కాబట్టి వచ్చే మూడు నెలల్లో ఎప్పుడో వేస్తాం. పైది మాత్రం మా అధికారులు రోజూ అడుగుతున్నారు."

మీ అప్లికేషన్ రోల్స్ మారుస్తుందా అని తిరిగి రాశాను. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. ప్రతి అభ్యర్థనకూ మారుస్తుందట.

కిందిది ఈ రాత్రికే వేసేయమని రాశాను.